నోరు మండితే పాలు తాగడం కాదు, పట్టి ఉంచాలి

సంపాదకులు గారికి నమస్కారం.

కారం తిని నోరు మండుతుంటే ఏం చేయాలో చెప్పే చిట్కాలు పత్రికల్లో తరచూ వస్తుంటాయి. చల్లటి నీళ్లు తాగమని ఒకటి, నిమ్మకాయ చప్పరించమని ఒకటి, సోడా తాగమని మరొకటి. పాలు తాగమనే మంచి చిట్కా కూడా వాటి మధ్యే ఉంటుంది గానీ, ఎన్ని పాలు, ఎలాంటివి, ఎంతసేపు అన్నది ఎవరూ చెప్పరు. గ్లాసుడు పాలు గటగటా తాగేసి ‘ఏం తగ్గలేదు’ అని పెదవి విరిచేవాళ్లు ఉండేది అందుకే. పాలు పనిచేయాల్సింది నోట్లో. గటగటా తాగితే అవి క్షణాల్లో కడుపులోకి పోతాయి. ఇలాంటి చిట్కాలు వేసేటప్పుడు కొలత, సమయం కూడా వేయండని కోరుతూ, తెలిసిన వివరాలు రాస్తున్నాను.

మిరపకాయలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. తీపి, పులుపు, చేదు తెలిపే రుచి మొగ్గలతో దానికి పనిలేదు. నోట్లో వేడినీ నొప్పినీ పసిగట్టే నరాల కొసల మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. మామూలుగా 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితేనే అది తెరుచుకుంటుంది. క్యాప్సైసిన్ వచ్చి అతుక్కుంటే ఆ హద్దు శరీర ఉష్ణోగ్రత కంటే కిందికి పడిపోతుంది. ఇక నోటి మామూలు వెచ్చదనమే కాలుతున్నట్టుగా మెదడుకు కబురు పోతుంది. చర్మం కాలదు, బొబ్బ రాదు, మంట మాత్రం నిజం. ముక్కు కారడం, కళ్ల వెంట నీళ్లు, నెత్తిన చెమట అన్నీ ఆ కబురుకు శరీరం ఇచ్చే జవాబులే. ఈ గ్రాహకాన్ని 1997లో బయటపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంత వివరం ఎందుకంటే, మంట తగ్గించే మార్గాలన్నీ ఇందులోంచే తేలతాయి. క్యాప్సైసిన్‌ను నోట్లోంచి ఊడ్చి బయటికి పంపాలి, లేదా ఆ నరాన్ని కాసేపు జోకొట్టాలి. పాలు, నూనె, రొట్టె మొదటి పని చేస్తాయి. చల్లదనం, తీపి రెండో పని చేస్తాయి. రెంటిలో ఏదీ చేయని చిట్కా ఎంత పాతదైనా దండగే.

నీళ్ల సంగతి ముందు తేల్చేద్దాం. క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపుగా కరగదు. కొవ్వులోనూ ఆల్కహాల్‌లోనూ కరుగుతుంది. జిడ్డుగిన్నెను వట్టి నీళ్లతో తొలిస్తే ఏమవుతుందో నోట్లోనూ అదే అవుతుంది: ఉన్నచోటు నుంచి కదిలి పక్కకు పాకుతుంది. నాలుక చివర ఉన్న మంట అంగిలికీ గొంతుకూ చేరేది ఇలాగే. చల్లటి నీళ్లు నోట్లో ఉన్నంతసేపు హాయిగా ఉండే మాట నిజమే. చల్లదనానికి ఆ గ్రాహకం నెమ్మదిస్తుంది. మింగి నోరు మళ్లీ వెచ్చబడగానే మంట తిరిగొస్తుంది. దాంతో ఇంకో గ్లాసు, ఆపైన ఇంకోటి. చివరికి కడుపు నిండుతుంది, మంట ఉండనే ఉంటుంది. ఐసుముక్క దగ్గర ఉంటే నీళ్లకన్నా అదే నయం. చప్పరిస్తున్నంతసేపు ఉపశమనం ఉంటుంది, ఈలోగా మంట దానంతటదే కొంత దిగుతుంది.

పాలలో పనిచేసేది కేసీన్ అనే ప్రొటీన్. ఆవుపాలు 100 మిల్లీలీటర్లలో ప్రొటీన్ సుమారు 3.3 గ్రాములు ఉంటే, అందులో అయిదింట నాలుగు వంతులు కేసీనే. అది క్యాప్సైసిన్‌ను పట్టుకుని గ్రాహకం దాకా పోనివ్వకుండా తనతో లాక్కుపోతుంది. కొవ్వు ఎక్కువున్న పాలే కావాలని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో ప్రచురించిన పరీక్షలో నీళ్లు, సోడా, కోలా, ఆల్కహాల్ లేని బీరు, తియ్యటి పండ్ల పానీయం, వెన్న తీసిన పాలు, వెన్న తీయని పాలు పోల్చి చూశారు. రెండు రకాల పాలూ మంటను బాగా తగ్గించాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పని చాలావరకు ప్రొటీన్‌దే. ఇంట్లో ఏ పాలుంటే అవి చాలు. చల్లగా ఉండాలి, అంతే. కాచిన వేడిపాలు నోట్లో పోసుకుంటే క్యాప్సైసిన్ పోయేలోపే ఆ వేడికి మంట రెట్టింపవుతుంది.

ఇక వాడే తీరు. నోట్లో కారపు ముద్ద ఇంకా ఉంటే ముందు దాన్ని ఉమ్మేయాలి. పెదవులను పొడి కాగితంతోనో గుడ్డతోనో అద్ది తుడవాలి, రుద్దకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు రెండు పెద్ద చెంచాలు, అంటే 30 మిల్లీలీటర్లు, నోట్లో పోసుకుని మింగకుండా పట్టి ఉంచాలి. తల అటోసారి ఇటోసారి వంచుతూ, నాలుక కిందికీ చెంపల లోపలికీ పైపెదవి వెనక చిగుళ్ల మీదికీ పాలు చేరేలా తిప్పాలి. అందరూ మరిచిపోయేది ఈ చిగుళ్ల అంచునే. అక్కడ చిక్కుకున్న కారం పొడి రేణువులు నాలుక చల్లబడ్డాక కూడా మంట పుట్టిస్తూనే ఉంటాయి. ఇరవై, ముప్ఫై సెకన్లయ్యాక ఆ గుక్క ఉమ్మేయాలి. క్యాప్సైసిన్ అందులో ఉంది కదా, మింగితే గొంతు మీదుగా పోవాలి. ఇలా మూడు నాలుగు గుక్కలు, మొత్తం అరకప్పు పాలు, రెండు మూడు నిమిషాల పని. గొంతులోనూ మంట ఉంటే చివరి గుక్కను కొద్దికొద్దిగా మింగాలి. తల వెనక్కి వాల్చి గరగరలాడించకూడదు. మంటకు ఎగశ్వాస పోస్తున్నప్పుడు పొలమారడం ఖాయం.

ఇంత చేసినా తగ్గలేదంటే కారణం సాధారణంగా ఈ మూడింటిలో ఒకటి. పాలు నోట్లో అయిదు సెకన్లు కూడా ఉంచి ఉండరు. లేదా పాల వెనకే నీళ్లు తాగి, పట్టిన కేసీన్‌ను కడిగేసి ఉంటారు. లేదా కొంచెం చల్లబడగానే మళ్లీ అదే కూర కలుపుకుని ఉంటారు. నిమిషం కూడా తెరిపివ్వకుండా ముద్ద వెంట ముద్ద తింటే మంట మెట్టు మెట్టుగా పెరుగుతుంది. కొన్ని నిమిషాలు ఆగితే అదే నరం కాస్త మొద్దుబారుతుంది. కాబట్టి తింటూ మధ్యలో ఆగడం కూడా మందే.

పెరుగు పాలకన్నా ఒక విధంగా మేలు. చిక్కగా ఉంటుంది కనక నాలుకను అంటిపెట్టుకుని ఎక్కువసేపు ఉంటుంది. రెండు చెంచాల చల్లటి పెరుగు నాలుక మీద పరిచి అరనిమిషం ఉంచితే చాలు. పైన తేలిన తేట నీళ్లలో కేసీన్ ఉండదు, అందుకని కలిపి తీసుకోవాలి. నీళ్లు బాగా పోసి పలుచన చేసిన మజ్జిగ పేరుకే మజ్జిగ, పని సగం కూడా చేయదు. అందులో ఉప్పు పడితే మండే నోటికి ఇంకా చురుక్కుమంటుంది. ఐస్‌క్రీమ్‌లో చల్లదనం, చక్కెర, కొవ్వు, కేసీన్ నాలుగూ ఉన్నాయి. మందు రూపంలో ఇంతకన్నా మంచిది దొరకదని పిల్లల ముందు మాత్రం అనకండి.

పాలు అరగనివారికీ పాలు పడనివారికీ తేడా చూడాలి. పాలలోని చక్కెర అయిన లాక్టోస్ అరగని సమస్య అయితే లాక్టోస్ తీసేసిన పాలు వాడవచ్చు, కేసీన్ అందులోనూ అలాగే ఉంటుంది. నోట్లో తిప్పి ఉమ్మేస్తే మామూలు పాలతోనూ పెద్ద ఇబ్బంది ఉండదు. పాల ప్రొటీన్ అలర్జీ ఉన్నవారి సంగతి వేరు. మంటను తగ్గించే కేసీనే వారికి ప్రమాదం, చుక్క కూడా నోట్లో పెట్టకూడదు. అలాంటివారికి సోయాపాలు పడితే అవి వాడవచ్చు. ప్రొటీన్ ఆవుపాలకు దగ్గరగానే ఉంటుంది. బజారులో దొరికే బాదంపాలు చాలావరకు నీళ్లే, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. చిక్కటి కొబ్బరిపాలలో కేసీన్ లేకపోయినా కొవ్వు దండిగా ఉంటుంది, అది పనికొస్తుంది.

పాలూ పెరుగూ ఏవీ లేకపోతే తర్వాతి స్థానం చక్కెరది. 1990లో ప్రచురితమైన ఒక పరీక్షలో గది వేడిమిలో ఉన్న 10 శాతం పంచదార నీళ్లు, 5 డిగ్రీల దగ్గరున్న చల్లటి పాలతో సమానంగా మంట తగ్గించాయి. 10 శాతం అంటే 100 మిల్లీలీటర్ల నీళ్లకు 10 గ్రాములు, చిన్న చెంచాతో రెండున్నర. పాల లాగే గుక్క గుక్కగా పట్టి ఉంచి ఉమ్మేయాలి. నీళ్లు కూడా అందుబాటులో లేకపోతే చెంచాడు పంచదార నాలుక మీద వేసుకుని కరిగేదాకా ఉంచవచ్చు. తీపి క్యాప్సైసిన్‌ను కరిగించదు. నొప్పి కబురును మెత్తబరుస్తుంది. మధుమేహం ఉన్నవారు మింగకుండా ఉమ్మేస్తే సరి. తేనె కూడా పనిచేస్తుంది గానీ ఏడాది నిండని పిల్లలకు తేనె ఏ కారణంతోనూ నాకించకూడదు, బోటులిజం అనే విషప్రభావం ప్రమాదం ఉంది.

నూనె మాట వింటే మొహం చిట్లిస్తారు గానీ, గట్టి మంటకు అది గట్టి విరుగుడు. చెంచాడు వంటనూనె నోట్లో వేసుకుని అరనిమిషం తిప్పి, చెత్తబుట్టలో ఉమ్మేసి, తర్వాత పాలో పంచదార నీళ్లో పట్టాలి. నూనెలో కరిగిన క్యాప్సైసిన్‌ను మింగితే చేసిన పని అంతా వృథా. వెన్న, వేరుసెనగ ముద్ద కూడా ఇదే బాపతు. మెత్తటి రొట్టె ముక్కో చప్పటి అన్నమో నమిలితే క్యాప్సైసిన్ కొంత దానికి అంటుకుని పోతుంది. ఇది కేవలం తుడిచే పని, పాలతో కలిపి చేస్తే ఫలితం ఉంటుంది. ఎండిన రొట్టెను ఎగపోస్తూ నమిలితే గొంతులో అడ్డం పడుతుంది, ముఖ్యంగా పిల్లలకు.

ఇప్పుడు నిమ్మకాయ. ‘క్యాప్సైసిన్ క్షారం, పులుపు తగిలితే విరిగిపోతుంది’ అన్నది బాగా వ్యాపించిన మాట, తప్పు మాట. క్యాప్సైసిన్ క్షారం కాదు, నిమ్మరసం దాన్ని ఏమీ చేయలేదు. పైగా ఆమ్లం టీఆర్‌పీవీ1ను ఇంకా రెచ్చగొడుతుంది. పులుపుకు లాలాజలం ఊరి కాసింత కొట్టుకుపోవచ్చు, మనసు అటు మళ్లవచ్చు, అంతకు మించి ఏమీ లేదు. సోడాలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ నోట్లో ఆమ్లంగా మారి తనవంతు చురుకు కలుపుతుంది. వేడి టీ సంగతి చెప్పనక్కర్లేదు. ఆల్కహాల్‌లో క్యాప్సైసిన్ కరుగుతుంది కదా అని బీరు వైపు చూసేవారికి రెండు విషయాలు: బీరులో ఆల్కహాల్ 5 శాతం దగ్గరే, మిగతా అంతా నీళ్లు, ఆల్కహాల్ తానే ఆ గ్రాహకం హద్దును 34 డిగ్రీల దాకా దించుతుంది. మౌత్‌వాష్‌లు చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది, అవీ అంతే. పుదీనా వేరే గ్రాహకాన్ని తట్టి చల్లగా ఉన్నట్టు అనిపిస్తుంది, క్యాప్సైసిన్ ఉన్నచోటే ఉంటుంది. పంటి నొప్పికి వాడే తిమ్మిరి జెల్ రాసుకోవడం అన్నిటికన్నా పిచ్చిపని. నాలుక, గొంతు మొద్దుబారితే నాలుక కొరుక్కుంటారు, మింగేది పక్కదారి పడుతుంది. బెంజోకేన్ అనే తిమ్మిరి మందు ఉన్న జెల్‌లు రెండేళ్లలోపు పిల్లలకు రాస్తే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

మంటలన్నీ మిరపకాయవి కావు. మిరియాలు, అల్లం కూడా టీఆర్‌పీవీ1నే తడతాయి కనక వాటికీ పాలు, చల్లదనం ప్రయత్నించవచ్చు. ఆవాలు, ముల్లంగి జాతి ఘాటు వేరు. అది ఆవిరై ముక్కులోకి ఎక్కుతుంది, టీఆర్‌పీఏ1 అనే మరో గ్రాహకాన్ని పట్టుకుంటుంది. నోట్లో పాలు పోసుకుంటే ముక్కులో మంట తగ్గదు. ముక్కుతో గాలి పీల్చి నోటితో వదిలితే గొంతులోంచి లేచే ఆవిరి ముక్కుకు ఎక్కకుండా ఉంటుంది. నిమిషం ఓపిక పడితే అది దానంతటదే పోతుంది.

గింజలు తీసేస్తే కారం పోతుందనుకోవడం మరో పొరపాటు. క్యాప్సైసిన్ తయారయ్యేది గింజలను పట్టి ఉంచే తెల్లటి గుజ్జులో; గింజలకు అది పైపైన అంటుకుంటుంది. కాయ చీల్చి ఆ తెల్లటి ఈనెలను చాకుతో గీకేస్తే కారం బాగా తగ్గుతుంది. ఆ పని చేసిన చేతులను ముందు చెంచాడు నూనెతో రుద్ది, పొడి కాగితంతో తుడిచి, ఆపైన గిన్నెలు తోమే సబ్బుతో రెండుసార్లు కడగాలి. గోళ్ల కింద మరవకూడదు. నీళ్లతో మొదలుపెడితే మంట చేతివేళ్ల నుంచి ముంజేతికి పాకుతుంది. పెదవుల చుట్టూ మండుతుంటే కూడా ఇదే వరస: పొడిగా అద్దడం, నూనె, సబ్బు, లేదా పాలలో ముంచిన గుడ్డ అయిదు నిమిషాలు.

కంట్లో పడితే మాత్రం ఈ సూత్రాలేవీ వర్తించవు. పాలు, నూనె, చక్కెర కంటి దగ్గరికి తేకూడదు. పాలలో సూక్ష్మజీవులుంటాయి, కంటికి ఇన్ఫెక్షన్ పట్టుకుంటుంది. కాంటాక్ట్ లెన్స్ ఉంటే, చేతులు శుభ్రంగా ఉన్నాకే, తీసేయాలి. శుభ్రమైన నీళ్లు లేదా సెలైన్ ధారగా పోస్తూ పదిహేను నిమిషాలు రెప్పలు ఆర్పుతూ కడగాలి. నలపకూడదు. అరగంటయినా చూపు మసగ్గా ఉంటే, నొప్పి ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ‘పాలు మంటకు విరుగుడు’ అని ఒక్క ముక్కలో వేస్తే ఎవరో ఒకరు కంట్లోనూ పోసుకుంటారు. మీ ఆరోగ్య పేజీవారు ఈ హెచ్చరికను చిట్కా పక్కనే వేయాలని నా మనవి.

మామూలు కూరలో కారం ఎంత ఎక్కువైనా, ఏమీ చేయకపోయినా పది ఇరవై నిమిషాల్లో మంట చాలావరకు దిగిపోతుంది. సారం తీసి చేసే సాస్‌లు, పందెం కాసి తినే చిప్స్ ఆ లెక్కలోకి రావు. 1912లో విల్బర్ స్కోవిల్ పెట్టిన కారం కొలమానంలో శుద్ధ క్యాప్సైసిన్ విలువ 1.6 కోట్లు. ఓ మోస్తరు కారమున్న హలపీన్యో మిరపకాయ 2,500 నుంచి 8,000 మధ్య ఉంటుంది. 2023లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో అలాంటి ఒక్క చిప్ తిన్న 14 ఏళ్ల బాలుడు చనిపోయాడు. గుండె ఆగిపోయిందనీ, అప్పటికే గుండెలో లోపం ఉందనీ, ఎక్కువ మోతాదు క్యాప్సైసిన్ ఉన్న పదార్థం తిన్నాడనీ శవపరీక్షలో తేల్చారు. ఆ సరుకును తయారీదారు దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నాడు. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, ఆగని వాంతులు కనిపిస్తే పాల కోసం వెతుకుతూ కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పెదవులు, నాలుక ఉబ్బి ఒంటి మీద దద్దుర్లు లేస్తే అది కారం మంట కాదు, అలర్జీ, అదీ అత్యవసరమే.

చివరగా, ఇన్నాళ్లూ తిన్న కారమే ఇప్పుడు తినలేకపోతున్నామనేవారి గురించి. చప్పటి ముద్ద కూడా మండుతుంటే తప్పు కూరలో లేదు. ఇనుము, బి12 విటమిన్ తగ్గినా, నోట్లో బూజు ఇన్ఫెక్షన్ వచ్చినా, కొన్ని మందులతో నోరు ఎండిపోయినా ఇలా అవుతుంది. నోట్లో పైకి ఏమీ కనిపించకుండా రోజూ రెండు గంటలకు మించి, మూడు నెలలకు పైగా మండుతుంటే దానికి బర్నింగ్ మౌత్ సిండ్రోమ్ అని వేరే పేరే ఉంది. వక్క నమిలే అలవాటు ఉండి, కారం తగిలితే మండుతూ, నోరు మునుపటిలా తెరుచుకోకపోతే అది చెంపల లోపలి పొర గట్టిపడే జబ్బుకు తొలి గుర్తు కావచ్చు. ఆ జబ్బు కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. వక్క వెంటనే మానేసి, నోటిలో ఒకదాని మీద ఒకటి మూడు వేళ్లు నిలువుగా పడుతున్నాయో లేదో చూసుకోవాలి. పట్టకపోతే ఆ వారంలోనే దంతవైద్యుడికి చూపించుకోవాలి.

భవదీయ,
ఆహార రసాయన శాస్త్రం బోధించే ఒక పాఠకురాలు